పురుగుమందు ఒంట్లో నడిచే దారిని గీసి చూడడం ఎలా

చల్లిన పురుగుమందు నాలుగు రోజుల్లో పోతుందని చాలామంది ధీమాగా చెబుతారు. పోవడమంటే ఎక్కడికి? కొంత గాలికి, ఎండకు, నీటికి వదిలిపోయే మాట నిజమే. మిగిలినది ఏదో ఒక ప్రాణిలోకి చేరుతుంది. అక్కడ రక్తంలోనో మొక్క రసంలోనో తిరుగుతుంది, ఒకచోట ఆగుతుంది, మరో పదార్థంగా మారుతుంది. ఆ మారిన రూపంలో బయటికి వస్తుంది, లేదా ఏళ్ల తరబడి లోపలే ఉండిపోతుంది. ఈ దారి ఒక్కో మందుకు ఒక్కో రకం. అయినా గుడ్డిగా ఊహించనక్కర లేదు. నాలుగైదు వివరాలు చేతిలో ఉంటే చాలావరకు కాగితం మీద గీయవచ్చు.

నేను పురుగుమందుల అవశేషాలు కొలిచే ప్రయోగశాలలో పనిచేస్తాను. ఆకు, మట్టి, చేప కొవ్వు, మనిషి మూత్రం, ఏ నమూనా వచ్చినా యంత్రం దగ్గరికి వెళ్లే ముందు ఆ కాగితం గీస్తాను. కొత్తగా చేరిన వాళ్లకు మొదట నేర్పేదీ అదే. మందు ఏ రూపంలో, ఏ భాగంలో ఉంటుందో తెలియకుండా వెతికితే ‘ఏమీ కనబడలేదు’ అనే ఫలితం చాలా తేలికగా వస్తుంది. ఆ ఫలితాన్ని నమ్మి ఎవరో ఒకరు నిశ్చింతగా ఉంటారు. అలా జరగడం నేను సహించలేను.

కాగితం పైభాగంలో ఏం రాయాలి

డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే వ్యాపార నామాన్ని పక్కన పెట్టండి. చిన్న అక్షరాల్లో ఉండే సాంకేతిక నామం రాసుకోండి: క్లోర్‌పైరిఫాస్, ఇమిడాక్లోప్రిడ్, గ్లైఫోసేట్, అలా. పక్కనే మందు ఏ రూపంలో ఉందో రాయండి. నీటిలో కలిపితే పాలలా తెల్లబడే ద్రావణమా, నీటిలో కలిపే పొడా, గుళికలా, వాయువా? ఒకే మందు పొడిగా ఉన్నప్పటికంటే నూనెలాంటి ద్రావకంలో ఉన్నప్పుడు చర్మంలోకి త్వరగా దిగుతుంది. అందుకే రూపం రాయకుండా ముందుకు వెళ్లవద్దు.

తర్వాత ఆ మందు భద్రతా సమాచార పత్రం తెప్పించుకోండి. భౌతిక, రసాయన ధర్మాల పట్టికలో మూడు అంకెలు చూడండి: నీటిలో ఎంత కరుగుతుంది, ఆవిరి పీడనం ఎంత, ఆక్టనాల్–నీటి విభజన గుణకం ఎంత. ఈ మూడోదాన్ని లాగ్ పి అని రాస్తారు. కాగితం మొత్తంలో అన్నిటికన్నా పనికొచ్చే అంకె ఇదే.

ఒక సీసాలో నీరు, ఆక్టనాల్ అనే నూనెలాంటి ఆల్కహాల్ పోసి, మందు వేసి, బాగా కుదిపి వదిలేస్తే మందు రెండు పొరల్లోకీ సర్దుకుంటుంది. రెండింటిలో సమంగా ఉంటే లాగ్ పి సున్నా. ఆక్టనాల్‌లో పది రెట్లు ఎక్కువ ఉంటే 1, వెయ్యి రెట్లయితే 3. నీటిలోనే ఎక్కువ ఉంటే రుణ సంఖ్య. గ్లైఫోసేట్‌కు ఇది మైనస్ 3 కంటే తక్కువ. ఇమిడాక్లోప్రిడ్‌కు 0.57. మలాథియాన్‌కు దాదాపు 2.7, క్లోర్‌పైరిఫాస్‌కు దాదాపు 4.7. డీడీటీకి 6 దాటుతుంది, అంటే నీటిలో ఒక పాలు ఉంటే నూనె పొరలో పది లక్షల పాళ్లకు పైగా. ప్రాణుల కణాలన్నిటి చుట్టూ కొవ్వు పొర ఉంటుంది, లోపల నీరు ఉంటుంది. కనుక మందు ఏ ద్వారం దాటగలదో, దాటాక ఎక్కడ చేరుతుందో సగం ఈ అంకెతోనే తెలిసిపోతుంది. మిగిలిన సగం ఒంట్లో రసాయన మార్పులు జరిపే ఎంజైముల చేతిలో ఉంటుంది.

ద్వారాలు

కాగితం మధ్యలో ప్రాణి ఆకారం గీయండి. మనిషైతే మూడు బాణాలు లోపలికి: చర్మం, ఊపిరి, నోరు. ఏ బాణం ఎంత లావుగా గీయాలన్నదే ఇక్కడ ప్రశ్న.

పిచికారీ చేసేవారు ముక్కుకు గుడ్డ కట్టుకుంటే జాగ్రత్తపడ్డట్టే అనుకుంటారు. కానీ మందు కలిపే, చల్లే పనుల్లో ఒంట్లోకి చేరే దానిలో ఎక్కువ భాగం సాధారణంగా చర్మం గుండానే వెళుతుంది. అందులోనూ చర్మం అన్నిచోట్లా ఒకటి కాదు. 1971లో హోవర్డ్ మైబాక్, ఆయన సహచరులు ప్రచురించిన ప్రయోగంలో, గుర్తుపట్టడానికి వీలుగా రేడియోధార్మిక కార్బన్ చేర్చిన పారథియాన్ అనే పురుగుమందును స్వచ్ఛందంగా ముందుకొచ్చిన వారి ఒంటిమీద వేర్వేరు చోట్ల రాసి, మూత్రంలో ఎంత బయటపడిందో లెక్కగట్టారు. ముంజేతి నుంచి సుమారు 9 శాతం లోపలికి వెళ్లింది. అరచేతి నుంచి 12, తల మాడు నుంచి 32, నుదుటి నుంచి 36, చంక నుంచి 64 శాతం. వృషణాల మీది చర్మం నుంచి దాదాపు మొత్తం వెళ్లింది. ఈ లెక్క నేను అందరికీ చెబుతాను. వీపు మీది ట్యాంకు కారితే మందు ఎక్కడికి జారుతుంది? నడుము మీదుగా తొడల మధ్యకు. చేతితొడుగులు వేసుకుని, కారే ట్యాంకు మోసే మనిషి అతి పలుచని ద్వారాన్ని తెరిచి పెట్టుకున్నట్టు.

లాగ్ పి దాదాపు 1 నుంచి 4 మధ్య ఉండే చిన్న అణువులు చర్మాన్ని బాగా దాటుతాయి. సున్నాకు చాలా దిగువన ఉన్నవి చర్మం పైపొరలోని కొవ్వును దాటడానికి కష్టపడతాయి. మరీ ఎక్కువ ఉన్నవి ఆ పైపొరలోకి సులువుగానే దిగుతాయి. కానీ దాని కింద నీరు ఎక్కువగా ఉండే పొర వస్తుంది కనుక అక్కడే చిక్కుకుని, తీరిగ్గా లోపలికి ఊరుతాయి. క్లోర్‌పైరిఫాస్ మీద 1984లో వెలువడిన ఒక అధ్యయనంలో స్వచ్ఛందంగా ముందుకొచ్చిన వారికి నోటి ద్వారా ఇచ్చిన మోతాదులో దాదాపు 70 శాతం మారిన రూపంలో మూత్రంలో బయటపడింది. చర్మం మీద రాసినదాంట్లో 3 శాతం కూడా రాలేదు. కాబట్టి పారథియాన్‌కు చర్మం బాణం లావుగా, క్లోర్‌పైరిఫాస్‌కు సన్నగా గీయాలి. సన్నని బాణం అంటే బాణం లేదని కాదు. చెమట, వేడి, గీరుకున్న చర్మం, తడిసి ఒంటికి అంటుకున్న బట్టలు ఆ బాణాన్ని లావు చేస్తాయి. పైగా పైపొరలో చిక్కుకున్నది గంటల తరబడి దిగుతూనే ఉంటుంది. మందు ఒంటిమీద పడితే పని పూర్తయ్యేదాకా ఆగకుండా వెంటనే బట్టలు విప్పి, సబ్బుతో ధారాళంగా నీళ్లు పోసి కడుక్కోవాలనడం అందుకే.

ఊపిరి బాణం విషయంలో ఆవిరి పీడనం, తుంపర పరిమాణం చూడాలి. పెద్ద తుంపరలు ముక్కులో, గొంతులో అంటుకుని చివరికి మింగుడు పడతాయి. సన్నని పొగమంచులాంటివి ఊపిరితిత్తుల లోతుకు వెళతాయి. ధాన్యం నిల్వల్లో పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ తేమ తగిలితే ఫాస్ఫీన్ వాయువు అవుతుంది. నిల్వల దగ్గర పనిచేసేవారికి ఊపిరి బాణమే లావు, అదొక్కటే ప్రాణం తీయగలదు. గుళిక మింగితే కడుపులోనూ అదే వాయువు పుడుతుంది కనుక నోటి బాణాన్నీ వదలకూడదు. నోటి బాణానికి ఒక ప్రత్యేకత ఉంది. పేగు నుంచి పీల్చుకున్నది ఒళ్లంతా తిరగకముందే కాలేయం గుండా వెళ్లాలి. చర్మం, ఊపిరి గుండా వచ్చినదానికి ఈ మజిలీ ముందుగా రాదు. కాలేయం మందును ఏం చేస్తుందో తర్వాత చూద్దాం.

పురుగుకు వేరే బొమ్మ కావాలి. దాని ఒంటిమీద మైనపు పొర ఉంటుంది. ఒంటి బరువుతో పోలిస్తే పైతలం చాలా ఎక్కువ. తగిలితే చంపే మందులు కాళ్ల చివరి నుంచి, కీళ్ల దగ్గరి పలుచని పొరల నుంచి, శ్వాసరంధ్రాల నుంచి దిగుతాయి. తింటే చంపేవి మధ్యాంత్రం దగ్గర పీల్చుకోబడతాయి, ఎందుకంటే పురుగు పేగులో ముందు, వెనుక భాగాలకు కూడా లోపలివైపు గట్టి పొర ఉంటుంది. చేపకు అన్నిటికన్నా లావు బాణం మొప్పల దగ్గర. నీటిలో ఎంత తక్కువ ఉన్నా, ఊపిరి కోసం అంత నీటినీ మొప్పల మీదుగా పారించక తప్పదు. పైరెత్రాయిడ్ రకం పురుగుమందులు లీటరు నీటికి కొద్ది మైక్రోగ్రాములున్నా చేపలు చావడానికి ఇదొక కారణం. వాటి ఒంట్లో ఆ మందును విడగొట్టే వేగం తక్కువ కావడం ఇంకొకటి.

లోపల ఎటు వెళుతుంది

మొక్కతో మొదలుపెడితే ఇది తేలికగా అర్థమవుతుంది. వేరు పీల్చినది దారువు అనే నాళాల గుండా నీటితోపాటు పైకి, ఆకు అంచుల వైపు వెళుతుంది. ఆకులో తయారైన చక్కెర పోషక కణజాలం గుండా వేరుకు, చిగురుకు, కాయకు వెళుతుంది. ఏ మందు ఏ దారి పడుతుంది? 1982లో బ్రిగ్స్, ఆయన సహచరులు బార్లీ మొక్కల మీద చూపించిన ప్రకారం వేరు నుంచి పైకి అన్నిటికన్నా బాగా ప్రయాణించేవి లాగ్ పి 1.8 దరిదాపుల్లో ఉన్న అణువులు. లాగ్ పి బాగా ఎక్కువై మరీ కొవ్వు పక్షం వహించేవి వేరులోనే అంటుకుపోతాయి. ఇమిడాక్లోప్రిడ్ లాంటివి విత్తనానికి పట్టించినా లేత ఆకుల దాకా చేరడం, పువ్వులోని మకరందంలో, పుప్పొడిలో కూడా కనబడడం ఈ దారి వల్లే. తేనెటీగ గురించి ఆలోచించేవారు విత్తన శుద్ధి మందు కాగితం మీద పువ్వు దాకా బాణం గీయడం మరిచిపోకూడదు.

కలుపుమందు గ్లైఫోసేట్ పోషక కణజాలం దారి పడుతుంది. ఆకు మీద పడినది వేరుకు, భూగర్భ కాండానికి, చిగుళ్లకు చేరి, అక్కడ మొక్కకు కావలసిన కొన్ని అమైనో ఆమ్లాల తయారీని ఆపుతుంది. ఇందుకు రోజులు పడుతుంది. చల్లిన మర్నాడే కలుపు కోసేస్తే మందు వేరుకు చేరదు, కలుపు మళ్లీ మొలుస్తుంది. పారక్వాట్ అనే కలుపుమందు ఇందుకు పూర్తిగా భిన్నం. వెలుతురులో తగిలిన ఆకును తగిలినచోటే కాల్చేస్తుంది. ఆకు చచ్చాక దాన్ని మోసుకుపోయేది ఏదీ మిగలదు.

జంతువులో రక్తమే మోస్తుంది. కొవ్వు పక్షం మందులు రక్తంలోని ప్రొటీన్లను, కొవ్వు కణాలను పట్టుకుని తిరిగి, మొదట రక్తప్రసారం ఎక్కువున్న కాలేయానికి, మెదడుకు, మూత్రపిండాలకు, ఆ తర్వాత నెమ్మదిగా ఒంటి కొవ్వులోకి చేరతాయి. లాగ్ పి 5 దాటితే కాగితం మీద కొవ్వు దగ్గర పెద్ద గడి గీయండి. స్త్రీ అయితే పాల బాణం, గర్భిణి అయితే మావి బాణం కూడా గీయండి. తల్లిపాలలో డీడీటీ ఉన్నట్టు 1951లోనే తేలింది.

అంకెను మాత్రమే నమ్మకూడదని చెప్పడానికి రెండు ఉదాహరణలు. పారక్వాట్ లాగ్ పి మైనస్ 4 కన్నా కింద. అంకె చూస్తే ఏ కణంలోకీ దూరలేదనిపిస్తుంది. కానీ ఊపిరితిత్తుల కణాలు తమకు అవసరమైన పాలీఎమైన్లనే పదార్థాలను లోపలికి లాక్కునే ఒక రవాణా ప్రొటీన్‌ను ఉంచుకుంటాయి. పారక్వాట్ ఆకారం వాటిని పోలి ఉండడంతో దాన్నీ లాక్కుంటాయి. రక్తంలో తగ్గిపోతున్నా ఊపిరితిత్తుల్లో పేరుకుంటూ పోతుంది, దానికి విరుగుడు లేదు. రెండోది, పురుగులను, పరాన్నజీవులను చంపే అబమెక్టిన్, ఐవర్‌మెక్టిన్ మందుల కుటుంబం. ఇవి మెదడులోకి రాకుండా బయటికి తోసే ఒక పంపు మెదడు రక్తనాళాల గోడల్లో ఉంటుంది. కోలీ జాతి కుక్కల్లో చాలావాటికి ఆ పంపు తయారుచేసే జన్యువు చెడిపోయి ఉంటుంది. మిగతా కుక్కలు తట్టుకునే మోతాదే వాటిని పడగొడుతుంది.

ఏమవుతుంది

మందు ఏమవుతుందో రాసే ఈ గడి దగ్గర ఎక్కువసేపు ఆగండి. ఒంట్లో మందు విచ్ఛిన్నమైంది అనగానే విషం పోయింది అనుకుంటారు. ‘దేనిగా మారింది?’ అని అడగకుండా ఆ మాట ఒప్పుకోవద్దు.

సాధారణంగా రెండు అంచెలు. మొదటి అంచెలో కాలేయంలోని సైటోక్రోమ్ పీ450 కుటుంబపు ఎంజైములు అణువుకు ఆక్సిజన్ తగిలిస్తాయి, లేదా ఎస్టరేజులనే ఎంజైములు నీటి సాయంతో దాన్ని రెండు ముక్కలు చేస్తాయి. రెండో అంచెలో ఆ ముక్కకు నీటిలో కరిగే తోక తగిలిస్తాయి. క్షీరదాల్లో అది ఎక్కువగా గ్లూకురోనిక్ ఆమ్లం, సల్ఫేట్, గ్లూటాథయోన్. పురుగులు, మొక్కలు గ్లూకురోనిక్ ఆమ్లానికి బదులు గ్లూకోజ్‌ను వాడతాయి. మొక్కకు మూత్రం లేదు కనుక మూడో అంచె ఉంటుంది: తోక తగిలించిన ముక్కను కణంలో సంచిలాంటి రిక్తికలో దాచడమో, కణకవచంలో బిగించేయడమో.

మొదటి అంచెలోనే మోసం జరుగుతుంది. పారథియాన్, క్లోర్‌పైరిఫాస్, మలాథియాన్ అణువుల్లో ఫాస్ఫరస్‌కు గంధకం అంటుకుని ఉంటుంది. ఆ రూపంలో అవి నాడీ సంకేతం పని అయ్యాక దాన్ని ఆపే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ (క్లుప్తంగా కోలినెస్టరేజ్) అనే ఎంజైమును పెద్దగా అడ్డుకోవు. సైటోక్రోమ్ ఎంజైములు గంధకాన్ని తీసేసి ఆక్సిజన్ పెడతాయి. పుట్టేది పారాక్సాన్, క్లోర్‌పైరిఫాస్ ఆక్సాన్, మలాక్సాన్. అసలు విషాలు ఇవే. అంటే మందును విషంగా తయారుచేసేది మన కాలేయమే. అదే కాలేయంలో ఈ ఆక్సాన్‌లను ముక్కలు చేసే ఎంజైములూ ఉంటాయి. రెండు పనుల్లో ఏది వేగంగా జరుగుతుందన్న దాని మీద ప్రాణం ఆధారపడుతుంది. ఆక్సాన్‌లను తెంచే వాటిలో పారాక్సోనేజ్ ముఖ్యమైనది. అప్పుడే పుట్టిన బిడ్డల రక్తంలో ఇది పెద్దవారికన్నా చాలా తక్కువ ఉంటుంది. ‘ఇంత కొంచెం ఏం చేస్తుంది’ అనే మాట పసిపిల్లల విషయంలో అననే కూడదు.

మలాథియాన్ కథ ఈ గడికి అన్నిటికన్నా మంచి పాఠం. క్షీరదాల్లో కార్బాక్సిల్‌ఎస్టరేజ్ అనే ఎంజైమ్ దాన్ని చకచకా ముక్కలు చేస్తుంది, పురుగుల్లో ఆ శక్తి తక్కువ. అందుకే అది మనుషులకు కొంత సురక్షితమైన మందుగా పేరు తెచ్చుకుంది. 1976లో పాకిస్తాన్‌లో మలేరియా దోమల నివారణకు మలాథియాన్ చల్లిన సుమారు 7,500 మంది పనివారిలో 2,800 మంది దాకా విషప్రభావానికి లోనయ్యారు, ఐదుగురు చనిపోయారు. ఆ మందులో ఐసోమలాథియాన్ అనే మలిన పదార్థం ఎక్కువగా ఉంది. అది కార్బాక్సిల్‌ఎస్టరేజునే అడ్డుకుంటుంది. మనిషిని కాపాడే ఎంజైమ్ ఆగిపోగానే సురక్షితమన్న మందు మనిషిని చంపే మందు అయింది. వేడిలో ఎక్కువకాలం నిల్వ ఉంచితే ఈ పదార్థం పెరుగుతుంది. పాత డబ్బా పారేయడానికి మనసొప్పని వారికి నేను ఈ సంగతే చెబుతాను.

మారినది అసలుదానికన్నా ఎక్కువ విషమో, ఎక్కువ మొండిదో అయ్యే ఇతర జంటలను కాగితం పక్కన రాసి ఉంచుకోండి. డైమిథోయేట్ ఒమిథోయేట్ అవుతుంది. ఎసిఫేట్ మెథామిడోఫాస్ అవుతుంది. కార్బోసల్ఫాన్ కార్బోఫ్యురాన్ అవుతుంది. థయామెథాక్సామ్ క్లోథియానిడిన్ అవుతుంది. డీడీటీ డీడీఈ అవుతుంది, ఇది డీడీటీ కన్నా ఎక్కువకాలం నిలుస్తుంది. బ్రిటన్‌లో పెరిగ్రిన్ డేగల గుడ్ల పెంకులు పలుచబడ్డాయని 1967లో డెరెక్ రాట్‌క్లిఫ్ చూపించాడు. ఆ పలుచదనానికి కారణం ఈ విచ్ఛిన్నమైన రూపమేనని తర్వాత తేలింది.

ఈ మార్పును మేలుకు వాడుకున్న మందులూ ఉన్నాయి. ఇండాక్సాకార్బ్ అణువులో ఒక చిన్న ముక్కను గొంగళిపురుగు ఎంజైములు తెంచుతాయి. అప్పుడు గాని అది పురుగు నాడులను గట్టిగా పట్టుకోదు. క్షీరదాల్లో ఎక్కువ భాగం వేరే దారిలో, తక్కువ హానికరంగా మారుతుంది. ప్రాణి మారితే గడి మారుతుందని దీన్నిబట్టి గుర్తుంచుకోండి. కుక్క మీది పిడుదుల కోసం అమ్మే గాఢమైన పెర్మెథ్రిన్ పిల్లికి ప్రాణాంతకం. పిల్లి జాతిలో గ్లూకురోనిక్ ఆమ్లం తగిలించే ముఖ్యమైన ఎంజైమ్ పనిచేయదు. కుక్క కోసం గీసిన కాగితంతో పిల్లికి మందు వేయకూడదు.

మందు పనిచేయడం మానేసినప్పుడు కూడా ఈ గడే చూడాలి. తెల్లదోమల్లో ఒక సైటోక్రోమ్ ఎంజైమ్ విపరీతంగా తయారై ఇమిడాక్లోప్రిడ్‌ను నాడికి చేరకముందే మార్చేస్తుంది. ఇలాంటి నిరోధకతను పసిగట్టడానికి ప్రయోగశాలలో పిపెరొనిల్ బ్యూటాక్సైడ్ వాడతాం. అది సైటోక్రోమ్ ఎంజైములను ఆపుతుంది. మందు ఒంటరిగా చంపలేని పురుగు దీనితో కలిపి ఇస్తే చస్తే, పురుగు మందును విరగ్గొడుతోందని అర్థం. నేలలో కూడా ఇదే జరుగుతుంది. 1973లో సేతునాథన్, యోషిదా ఫిలిప్పీన్స్ వరి మడి నుంచి డయాజినాన్, పారథియాన్‌లను విడగొట్టే ఫ్లేవోబాక్టీరియంను వేరుచేశారు. ఏటా అదే గుళికలు వేసే నేలలో ఇలాంటి సూక్ష్మజీవులు పెరిగి, పురుగుకు అందకముందే మందును తినేస్తాయి. మోతాదు పెంచితే వాటికి ఇంకాస్త మేత వేసినట్టే.

బయటికి

తోక తగిలి నీటిలో కరిగేవి మూత్రంలోకి, బరువైన అణువులు పిత్తరసం ద్వారా మలంలోకి వెళతాయి. పిత్తరసం బాణం గీసేటప్పుడు పేగు నుంచి కాలేయానికి తిరిగి వచ్చే ఇంకో బాణం అవసరమా అని చూడండి. 1975లో అమెరికాలోని హోప్‌వెల్‌లో క్లోర్డెకోన్ అనే పురుగుమందు తయారుచేసే కర్మాగారం పనివారు తీవ్రంగా జబ్బుపడ్డారు. మందు కాలేయం నుంచి పిత్తరసంలోకి వచ్చేది, పేగులో మళ్లీ పీల్చుకోబడేది, ఒంటిని వదిలేది కాదు. కొలెస్టిరమిన్ అనే, పేగులో పిత్త ఆమ్లాలను పట్టుకునే మందు ఇస్తే అది క్లోర్డెకోన్‌నూ పట్టుకుంది. రక్తంలో సగం తగ్గడానికి పట్టే కాలం దాదాపు సగానికి దిగింది. దారి సరిగ్గా గీసినందువల్ల చికిత్స దొరికిన సందర్భం అది.

బయటికి బాణమే లేని మందులుంటే తినేవాడిని కూడా గీయాలి. అమెరికాలోని క్లియర్ లేక్ సరస్సులో 1949, 1954, 1957లలో చిన్న ఈగల నివారణకు డీడీటీకి దగ్గరి బంధువైన డీడీడీ కలిపారు. నీటిలో పది లక్షల పాళ్లకు 0.02 పాళ్లు. నీటిలో తేలే చిన్న జీవులైన ప్లవకాలను చేపలు, చేపలను గ్రీబ్ పక్షులు తిన్నాయి. చచ్చిన గ్రీబ్‌ల కొవ్వులో 1,600 పాళ్లు. నీటితో పోలిస్తే 80 వేల రెట్లు.

ఒక కాగితం పూర్తిచేద్దాం

క్లోర్‌పైరిఫాస్, పాలలా తెల్లబడే ద్రావణం, చల్లే మనిషి. లాగ్ పి 4.7: చర్మం బాణం సన్నం, కానీ ద్రావకం, చెమట వల్ల కాస్త లావు. నోటి బాణం లావు. లోపల కాలేయం, కొద్దిగా కొవ్వు. కాలేయం గడిలో రెండు దారులు: ఒకటి ఆక్సాన్ వైపు, రెండోది ట్రైక్లోరోపిరిడినాల్ అనే ముక్క వైపు. ఆక్సాన్ కూడా ముక్కలై చివరికి అదే ట్రైక్లోరోపిరిడినాల్ ఇస్తుంది. అది తోక తగిలించుకుని మూత్రంలో వస్తుంది, దాదాపు 27 గంటలకు సగం చొప్పున తగ్గుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. ఐదు సగాలు దాటితే మిగిలేది 3 శాతం. అంటే ఒక్కసారి అందినది ఐదున్నర రోజుల్లో దాదాపు వెళ్లిపోతుంది. రోజూ అదే మోతాదు అందుతుంటే 24 గంటల తర్వాత ఇంకా 54 శాతం ఉంటుంది, దాని మీద కొత్తది చేరుతుంది. కొద్ది రోజులకే ఒంట్లో ఉండేది ఒక రోజు మోతాదుకు రెట్టింపు దాటి అక్కడ నిలుస్తుంది. మందు వెళ్లిపోయినా దెబ్బ మిగులుతుంది. ఎర్రరక్తకణాల్లో ఒకసారి శాశ్వతంగా బిగుసుకున్న కోలినెస్టరేజ్ మళ్లీ రాదు, కొత్త కణాలు పుట్టాలి, అది రోజుకు ఒక శాతం చొప్పున కోలుకుంటుంది. కనుక ఈ మనిషికి రెండు పరీక్షలు కావాలి. మొన్న ఎంత తాకిందో మూత్రం చెబుతుంది, ఈ నెలల్లో ఎంత దెబ్బ పడిందో రక్తంలోని కోలినెస్టరేజ్ చెబుతుంది.

మూత్రంలో క్లోర్‌పైరిఫాస్ కోసమే వెతికితే దొరకదు. ట్రైక్లోరోపిరిడినాల్ కోసం వెతకాలి. అది కూడా తోకతో ఉంటుంది కనుక ముందుగా ఆమ్లంతోనో గ్లూకురోనిడేజ్ ఎంజైమ్‌తోనో ఆ తోక తెంచాలి. మీరు పరీక్షకు పంపిస్తున్నవారైతే ఫలిత పత్రంలో ఏ పదార్థం కోసం వెతికారో అడగండి. డైమిథోయేట్ చల్లిన ఆకులో ఒమిథోయేట్‌ను కొలవని పరీక్ష సగం పరీక్షే. పైరెత్రాయిడ్లయితే మూత్రంలో 3-ఫినాక్సీబెంజోయిక్ ఆమ్లం, డీడీటీ అయితే రక్తంలోనో కొవ్వులోనో డీడీఈ.

ఎవరికైనా విషప్రభావం కనబడితే కాగితం గీస్తూ కూర్చోవద్దు. తడిసిన బట్టలు తీసి, కడిగి, డబ్బా మీది లేబుల్‌తో సహా వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. నూనె ద్రావణం మింగిన మనిషికి బలవంతంగా వాంతి చేయించకండి, అది ఊపిరితిత్తుల్లోకి వెళ్లవచ్చు. సాంకేతిక నామం, ఎన్ని గంటలకు తాకింది, ఏ ద్వారం నుంచి, ఈ మూడూ చెప్పండి. చికిత్స వాటిని బట్టే మారుతుంది.

రెండు కాగితాలు పక్కపక్కన

ట్యాంకులో రెండు మందులు కలిపేవారు రెండు కాగితాలు గీసి ‘ఏమవుతుంది’ గడులను పోల్చండి. ఒకటి ఆపే ఎంజైమే రెండోదాన్ని విడగొట్టేదైతే ఎర్ర గీత గీయండి. ఈపీఎన్ అనే ఫాస్ఫరస్ మందును మలాథియాన్‌తో కలిపి ఇస్తే విడివిడిగా వేసిన లెక్కకన్నా విషం చాలా రెట్లు పెరుగుతుందని 1957లోనే తేలింది. ఈపీఎన్ కార్బాక్సిల్‌ఎస్టరేజును ఆపుతుంది, మలాథియాన్‌కు ఆ దారి మూసుకుపోతుంది.

మొక్కల్లో ఇదే ఎర్ర గీత వరి మడిలో కనబడుతుంది. కలుపుమందు ప్రొపానిల్ ఊద గడ్డిని చంపి వరిని వదిలేస్తుంది. వరిలో అరైల్ ఎసిలమిడేజ్ అనే ఎంజైమ్ దాన్ని ముక్కలు చేస్తుంది, ఊదలో అది చాలా తక్కువ. ఫాస్ఫరస్, కార్బమేట్ రకాల పురుగుమందులు ఆ ఎంజైమును ఆపేస్తాయి. ప్రొపానిల్‌తో కలిపి గానీ, దానికి కొద్ది రోజులు ముందో వెనకో గానీ వాటిని చల్లితే వరికి, ఊదకు తేడా పోయి వరి ఆకులు కూడా మాడతాయి. లేబుల్ మీద రెండు మందుల మధ్య ఎన్ని రోజుల ఎడం పాటించమన్నారో చూసి, ఆ రోజుల సంఖ్యను ఎర్ర గీత మీదే రాసుకోండి.